ఏడో వరసలో రెండు సీట్లు

మీ ముందు పద్దెనిమిది వేల నాలుగు వందల ఆరుగురు ఉన్నారు, అని తెర మీద రాసి ఉంది. దాని కింద మొహం లేని ఒక బొమ్మ మనిషి గీత మీద ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాడు. నడుస్తున్నాడన్న పేరే గానీ పది గంటలకు ఎక్కడున్నాడో పదీ పన్నెండుకీ అక్కడే కాళ్ళాడిస్తున్నాడు, సెలవు అడగడానికి మేనేజరు గది బయట నిలబడ్డ గుమాస్తాలాగా. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ ముక్కు మీదికి దించి చూశాడు. పద్దెనిమిది వేలు! హాల్లో ఉన్నవే పదకొండు వందల నలభై సీట్లు. ఆ సంగతి ఈ మిషనుకు ఎవరైనా చెప్పారో లేదో. ఆయనకు చెప్పక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ హాలు టికెట్ కిటికీ వెనక కూర్చుని ఆ పదకొండు వందల నలభైనీ ఈ పది వేళ్ళతోనే చింపి ఇచ్చాడు. ఊరంతా ఆయన్ని కిటికీగారు అనే పిలిచింది, కన్నతల్లి పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా బతికి బట్టకట్టలేదు. ఏ కుర్చీ కిర్రుమంటుందో, ఏ కుర్చీలో కూర్చుంటే ఫ్యాను గాలి తిన్నగా మెడ మీద కొడుతుందో, ఎక్కడ పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుందో, ఎక్కడ కూర్చుంటే పాడేవాడు మన చెవిలోనే పాడుతున్నట్టుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. కళ్ళు మూసుకునే చెప్పాలి మరి, కచేరీ జరుగుతుండగా ఆ కుర్చీల్లో ఒక్కదాంట్లోనూ కూర్చున్న పాపాన పోలేదు కదా, అనుకున్నాడు. అనుకున్నాక, ఎవరైనా విన్నారేమోనని వంటింటి వైపు చూశాడు.

వంటింట్లో భార్య బఠాణీ కాయలు ఒలుస్తోంది. టప్పుమని కాయ విచ్చుకోవడం, గింజలు స్టీలు గిన్నెలోకి జలజలా రాలడం, మళ్ళీ టప్పు. పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు కూతురు కంప్యూటరు తెచ్చి ఈ భోజనాల బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుంటూ చెప్పిన మాటలు ఆ టప్పు టప్పుల మధ్య మళ్ళీ వినిపించాయి. "నాన్నా, ఈ పేజీ మూయకు, వెనక్కి పోకు, ఊరికే ఏదీ నొక్కకు. నీ వంతు వచ్చాక ఏడే నిమిషాలు టైము. సీట్లు ఎంచుకో, కార్డు నంబరు కొట్టు, ఆకుపచ్చ దాని మీద నొక్కు. అంతే." టికెట్లు తీయడం నాకు నేర్పుతున్నావటే, అన్నాడాయన. "అమ్మడం వేరు, కొనడం వేరు నాన్నా," అని నవ్వేసి పోయింది. నవ్వితే నవ్వింది గానీ ఆ మాట చెవిలో దోమలా ఉండిపోయింది. నిజమే, పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క కచేరీ టికెట్టూ కొనలేదు. లైన్లో నిలబడలేదు. ఇదే మొదలు. ఇది లైనా? ముందు ఎవడి వీపూ కనిపించదు, వెనకాల ఎవడి ఊపిరీ తగలదు, దూరిపోయేవాడిని చొక్కా పట్టుకుని లాగడానికి లేదు, "కాస్త నా చోటు చూస్తుండండి" అని టీ తాగి రావడానికి లేదు. పద్దెనిమిది వేల మంది ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి కుర్చీలో వాళ్ళు, ఈ మొహం లేనివాడి కాళ్ళ వంక చూస్తూ కూర్చున్నారు కాబోలు. పదిహేడు వేల తొమ్మిది వందలు. కదిలిందోయ్.

బొంగురాయన ఆఖరి కచేరీ. ఆయనకు ఉన్న పేరు వేరు, జనం పెట్టుకున్న పేరు ఇది. గొంతు గరగరలాడుతూ, గులకరాళ్ళ మీద నీళ్ళు పోతున్నట్టుంటుంది. ఇక పాడను, ఈ ఒక్కటీ పాడి చాలిస్తాను అని పేపర్లో వేయించాడు. మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అల్లుడు ఆ పేపరు తెరిచి పట్టుకునేసరికి కిటికీగారికి ఊపొచ్చేసింది. ముప్పై ఏళ్ళ నుంచి చెబుతున్న కథే, చెప్పిన ప్రతిసారీ కొంచెం ఒళ్ళు చేస్తున్న కథ. బొంగురాయన అప్పట్లో కుర్రాడు, కచేరీ మధ్యలో కరెంటు పోయింది, మైకు పోయింది, జనం లేవబోతుంటే ఆయన వేదిక అంచుకొచ్చి కూర్చుని ఉత్త గొంతుతో పాడాడు, బాల్కనీలో గూడు కట్టిన పావురాలు దిగి వచ్చి కుర్చీ చేతుల మీద వాలాయి, మీ అత్తగారు ఏడో వరస నడిమధ్యన కూర్చుని ఉంది, ఆయన పాడుతూ పాడుతూ ఆవిడ వంకే చూశాడు, చూసి తల వంచాడు. మొన్న కొత్తగా, మంచినీళ్ళు కూడా అడిగాడని కలిపాడు. మీ అత్తగారు సంచీలోంచి సీసా తీసి అందించింది, అరసీసా తాగాడు మహానుభావుడు. అల్లుడు పళ్ళెంలో చెయ్యి ఆపేసి వింటున్నాడు. అప్పుడు ఆవిడ, కూర వడ్డిస్తూ వడ్డిస్తూ, గరిటె గిన్నె అంచుకు తట్టి, "ఈసారైనా మనిషి కనిపించే సీటు తీయండి," అంది. అంతే. గొంతు పెంచలేదు, ఆయన వంక చూడలేదు, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అంది. అల్లుడు హాస్యమనుకుని పకపకా నవ్వాడు. కూతురు నవ్వలేదు. ఆయన మంచినీళ్ళు తాగాడు, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగాడు.

ముప్పై ఏళ్ళు! ఈ కథ పెళ్ళిళ్ళలో చెప్పాడు, ఆసుపత్రిలో పక్క మంచం వాడికి చెప్పాడు, రైల్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి చెప్పాడు, వాళ్ళు దిగాల్సిన స్టేషను దాటిపోయేదాకా చెప్పాడు. ప్రతిసారీ ఆవిడ పక్కనే ఉంది. ఒక్కసారి అవునని అనలేదు, కాదని అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టే కదా అనుకున్నాడు. ఒప్పుకోవడం కాదు, లెక్క వేసుకుంటూ కూర్చుందన్నమాట. ఎంత లెక్క! తీస్తాను. మనిషి కనిపించే సీటు కాదు, మనిషి ముక్కు మీద చెమట కనిపించే సీటు తీస్తాను. ఏడో వరస. ఆ హాల్లో ముందు వరసలు కొత్త డబ్బు చేసినవాళ్ళకి, మెడలు పట్టేస్తాయి, చెప్పులు కనిపిస్తాయి. ఏడో వరస తెలిసినవాళ్ళకి.

తల ఎత్తితే ఎదురుగా గోడ మీద పటం. పని మానేసిన రోజు హాలువాళ్ళు ఇంకేమీ ఇవ్వలేక, ఆయన బల్ల మీద ముప్పై ఏళ్ళు పడి ఉన్న సీట్ల పటానికి అద్దం బిగించి చేతిలో పెట్టారు. తలకిందులుగా తగిలించారేంటి మామయ్యా, అని అల్లుడు పెళ్ళైన కొత్తలో అడిగాడు. మీకు తలకిందులు, నాకు తిన్నగానే ఉంది, అన్నాడాయన. అబద్ధం కాదు. ఆ పటం ఎప్పుడూ కొనేవాడి వైపు తిప్పి ఉండేది, వాడు కిటికీ కంతలోంచి వేలు దూర్చి "ఇదివ్వండి, అది వద్దు" అని చూపించుకోవాలి కదా. కొనేవాడికి వేదిక పైన, అమ్మేవాడికి వేదిక కింద, తన బొడ్డు దగ్గర. హాల్లో కుడి పక్క ఉన్నది ఆయనకు ఎడమచేతి కింద, ఎడమ పక్క ఉన్నది కుడిచేతి కింద. మొదటి ఆరు నెలలు బుర్ర తిరిగింది, తర్వాత లోకమే అలా ఉందని చేతులు నమ్మేశాయి. పటంలో రెండు నల్ల చుక్కలున్నాయి, అవి స్తంభాలు, హాలుకు అటొకటి ఇటొకటి బాల్కనీని నెత్తిన పెట్టుకుని అయిదో వరస దగ్గర నిలబడి ఉండేవి. వాటి వెనక నాలుగేసి సీట్లు ఎవరికీ పనికిరావు. ఆయన పని మానేయడానికి ఏడాది ముందు రిపేర్లు చేసి, హాలుకు కుడి పక్కనున్న స్తంభాన్ని ఇనప దూలం వేసి తీసేశారు. ఎడమ పక్కది తీస్తే బాల్కనీ కిందికి దిగుతుందన్నాడు ఇంజనీరు, దాన్ని ఉంచేశారు. ఆ రోజే పటంలో కుడి స్తంభాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. గోడ మీద ఇప్పుడు ఆ ఎర్రగీత ఆయన ఎడమచేతి వైపు, బోర్డు మీద బొట్టులాగా కనిపిస్తోంది. రెండో చుక్క నల్లగా, అలాగే, కుడిచేతి వైపు.

పదకొండు వేల రెండు వందలు. బొమ్మ మనిషి సగం గీత దాటాడు. ఈ మిషను కింద కూడా ఒక డబ్బా ఉండే ఉంటుంది. ఎందుకుండదు? డబ్బా లేకుండా టికెట్లు అమ్మిన హాలు భూమ్మీద లేదు. ఆయన కిటికీ కింద బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది, మూత మీద బొమ్మ చెరిగిపోయి రేకు తేలింది. అమ్మకం మొదలుపెట్టక ముందే పన్నెండు మంచి టికెట్లు మూల మడిచి అందులో పడేసేవాడు. మేనేజరు ఫోన్లకోసం. ఫలానా ఆఫీసరుగారు, ఫలానా డాక్టరుగారి బావమరిది. కచేరీ పావుగంటలో ఉందనగా డబ్బాలో ఏమైనా మిగిలితే లైన్లో ముందున్నవాడి అదృష్టం. ఆ పావుగంట వచ్చేదాకా ఎవరడిగినా ఒకటే మాట, "అయిపోయాయి." కాలి బొటనవేలు డబ్బాకు ఆనించుకుని మరీ అనేవాడు, అయిపోయాయి. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ఒక తీపి ఉండేది, ఇప్పుడు ఒప్పుకోవడానికేం, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నట్టుండేది. మంగలి కుర్చీలో సగం గడ్డంతో ఉన్నవాడు లేచి ఆయనకు చోటిచ్చేవాడు. పళ్ళ దుకాణంవాడు కింద నుంచి తీసి ఇచ్చేవాడు. కిటికీగారూ, మీ చేతుల్లో ఉందండీ. ఎవరి మొహమూ ఎరగడు ఆయన, చేతులే ఎరుగును. కంతలోంచి లోపలికి వచ్చే చేతులు. రంగు మరకల చేతులు, సుద్ద అంటిన చేతులు, ఉంగరాల చేతులు, తెల్లారి అయిదింటి నుంచి లైన్లో నిలబడి చలికి వణికే చేతులు. అయిపోయాయి అనగానే ఆ చేతులు వెంటనే వెనక్కి పోయేవి కావు, కాసేపు అలాగే ఉండేవి, కంతలో, అరచెయ్యి పైకి పెట్టుకుని. ఆ కాసేపు అవతల మొహం ఎలా ఉండేదో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఈ తెర నల్లబడి, అందులో కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలి మొహం కనిపించింది. గాభరాగా బల్ల మీద మౌస్ కదిపాడు. తెర మళ్ళీ వెలిగింది. పోలేదు, ఉంది. తొమ్మిది వేలు.

ఎన్ని కచేరీలు! వయొలినాయనకు తీగ తెగిపోతే మిగిలిన మూడు తీగల మీదే లాక్కొచ్చాడు. కిటికీగారు చెప్పడంలో అది రెండైంది, ఒకటైంది, ఈమధ్య చెప్పినప్పుడు బొత్తిగా తీగల్లేకుండా ఒట్టి చెక్క మీద వాయించేశాడు. డ్రమ్ములాయన చేతిలోంచి కర్ర ఎగిరి మూడో వరసలో ఒక బట్టతలాయన నెత్తిన తాళం తప్పకుండా మోగింది. ఒకావిడ పాడుతూ చరణం మరిచిపోతే హాలంతా అందుకుని పాడిందట, హాలేమిటి, బయట రిక్షాలవాళ్ళూ పాడారు, పోలీసు విజిలు కూడా అదే స్వరంలో ఊదాడు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మీరు ఎంత అదృష్టవంతులండీ, అన్నీ దగ్గరుండి చూశారు. చూశాడు, ఏం చూశాడు? ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గది, మూరెడు మందం గోడ. అమ్మకం అయ్యాక కిటికీ తలుపు దించి, గేటు దగ్గర చింపిన ముక్కలు సూదితో దండ గుచ్చుతూ కూర్చునేవాడు. గోడ అవతల నుంచి పాట వచ్చేది కాదు, చప్పట్లొకటే వచ్చేవి. చప్పట్లు ఎంతసేపు పడ్డాయో, ఎంత ఆలస్యంగా మొదలయ్యాయో బట్టి లోపల ఏం జరిగిందో పోల్చుకునేవాడు. మిగతాది గేటు దగ్గర నిలబడేవాడిని అడిగేవాడు. వాడు సైకిళ్ళ స్టాండు దగ్గర బీడీ కాల్చుకుంటూ ఉంటాడు, లైట్ల మనిషి చెప్పింది చెప్పేవాడు. లైట్ల మనిషికి ఒక చెవి వినబడదు. ఇదీ మన దగ్గరుండి చూడటం. పావురాలు కూడా ఆ వినబడని చెవిలోంచే వచ్చి ఉంటాయి.

"ఎంతమంది ఉన్నారు?" అంది భార్య. ఎప్పుడొచ్చిందో, చేతిలో టీ గ్లాసు, వేళ్ళకు పచ్చటి తడి.

"ఏడు వేలు. జారుతున్నారులే."

"మీ కిటికీ ముందు ఎప్పుడైనా నిలబడ్డారా ఇంతమంది?"

"ఎందుకు నిలబడలేదు? ఆ రోజు బొంగురాయనకి లైను పోస్టాఫీసు దాటి, మలుపు తిరిగి, మళ్ళీ మన హాలు దగ్గరికే వచ్చేసింది. తోక ఏదో తల ఏదో తెలియక ఒకాయన రెండుసార్లు కొనుక్కున్నాడు."

"పోస్టాఫీసు దాకా ఉంది," అంది ఆవిడ టీ గ్లాసు పెడుతూ. "మలుపు తిరగలేదు. నేనున్నానుగా."

"నువ్వా?"

"సాయంత్రం అయిదున్నరకి రమ్మన్నారు. వచ్చాను. అందరిలాగే నిలబడమన్నారు, ఊరికే వస్తే నలుగురూ ఏమైనా అనుకుంటారని. టీ చల్లారిపోతుంది, తాగండి."

వెళ్ళిపోయింది. టప్పు. జలజల. ఆయన టీ ముట్టుకోలేదు. నిలబడమన్నాడు, అవును. ఆ మాట ఎక్కడ పారేసుకున్నాడు ఇన్నేళ్ళూ? పారేసుకోలేదు, అన్నిటికన్నా కింద, రేకు డబ్బా అడుగున, మూల మడిచి పెట్టుకున్నాడు. పెళ్ళయి రెండేళ్ళు అప్పటికి. ఆవిడ పెళ్ళికి ముందు పాడేది, పెళ్ళయ్యాక ఎవరూ లేనప్పుడు అంట్లు తోముతూ పాడేది, బొంగురాయన పాటలే, ఆ గరగర కూడా తెచ్చిపెట్టుకుని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఆపేసేది. ఒకసారి, ఒకే ఒకసారి, "ఆయన వస్తున్నాడట కదా, నన్ను తీసుకెళ్తారా?" అంది. తీసుకెళ్తారా అంది, టికెట్టిస్తారా అనలేదు. ఆయన నవ్వాడు, నువ్వు ఏడో వరస నడిమధ్యన కూర్చుంటావు చూడు, అన్నాడు. ఆ మాట నిలబెట్టుకుందామనే అనుకున్నాడు కూడా. ఏడో వరసలో రెండు టికెట్లు మూల మడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు, డబ్బాలో కాదు, జేబులో, గుండెకి ఆనించి. రెండు! ఆ రోజు కిటికీ మూసేసి తను కూడా లోపలికి పోదామనుకున్నాడు, జన్మలో మొదటిసారి. అయిదింటికి మేనేజరు ఫోను. నీళ్ళ శాఖ ఆఫీసరూ, ఆయన భార్యా వస్తున్నారు. డబ్బా ఖాళీ అండీ, అన్నాడు కిటికీగారు. చూడవయ్యా, నీ దగ్గర లేకపోవడమేంటి, అన్నాడు మేనేజరు. అంతే అన్నాడు. బెదిరించలేదు, కసరలేదు. నీ దగ్గర లేకపోవడమేంటి! ఆ మాటకు పొంగిపోయాడు. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. జేబులోంచి తీసి ఇచ్చేశాడు. ఉద్యోగం పోతుందని కాదు, పిల్లలు పస్తులుంటారని కాదు. నీ దగ్గర లేకపోవడమేంటి అన్నందుకు.

అయిదున్నర దాటాక కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది. మణికట్టు మీద కాలిన మచ్చ, కుక్కరు ఆవిరి కొట్టిన మచ్చ, చిక్కుడు గింజంత. లక్ష చేతుల్లో పోల్చుకోగలడు ఆ చేతిని. బల్ల మీద మిగిలి ఉన్నవి ఎడమ స్తంభం వెనక సీట్లు. ఒకటి చింపాడు. ఆ అరచేతిలో పెట్టాడు. తల ఎత్తలేదు. తల ఎత్తి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు, కంతలోంచి చెయ్యి తప్ప ఏం కనిపిస్తుంది? వంగి చూస్తే కనిపించేది. వంగలేదు. ఆ చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు, రెండో టికెట్టుకోసం కాబోలు కాసేపు అలాగే ఉంది. అప్పుడు ఆయన, అందరితో అన్నట్టే, వెనక ఉన్నవాడి కోసం అన్నట్టే, "తర్వాత!" అని అరిచాడు. చెయ్యి వెళ్ళిపోయింది. ఏడింటికి గదిలో ఫ్యాను ఆగిపోయింది, కరెంటు పోయిందని అలా తెలిసింది. గోడ అవతల ఎంతకీ చప్పట్లు లేవు. చీకట్లో, చేతిలో దండ గుచ్చే సూదితో, చెమటలు కక్కుతూ విన్నాడు ఆ నిశ్శబ్దాన్ని. తర్వాత పడ్డాయి చప్పట్లు, గోడ సున్నం రాలేలా. హాలు ఖాళీ అయ్యాక ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఎలా ఉంది, అన్నాడు. "బాగుంది," అంది. సరే పద, అన్నాడు. దారి పొడుగునా గేటువాడు చెప్పిన కథ ఆవిడకే చెప్పుకుంటూ వచ్చాడు! లోపల కూర్చుని వచ్చిన మనిషికి! కరెంటు ఎలా పోయిందో, ఆయన అంచుకు వచ్చి ఎలా కూర్చున్నాడో. ఆవిడ ఊ కొట్టింది. అప్పటి నుంచీ గేటువాడిని అడిగాడు, లైట్ల మనిషిని అడిగాడు, వాద్యాల పెట్టెలు మోసినవాళ్ళని అడిగాడు. ఆ రాగం ఏమిటో, ఏ పాట పాడాడో, ఎంతసేపు పాడాడో, లోపల ఉన్న ఒక్క మనిషిని, తన కంచంలో అన్నం పెట్టే మనిషిని, ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అడుగుతాను. ఈసారి పక్కన కూర్చుని, పాట పాటకీ మధ్యన, ఆ రోజు ఏం పాడాడే, అని అడుగుతాను. ముందు టికెట్లు తెగనీ. టీ మీద మీగడ కట్టింది. మూడు వేలు. తొమ్మిది వందలు. ఇదేమిటిది, కొండ మీంచి బండ దొర్లినట్టు దొర్లుతోంది! రెండు వందల పన్నెండు. బొమ్మ మనిషి గీత చివరికి వచ్చి ఆగాడు. తెర తెల్లబడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత హాలు.

హాలు మొత్తం తెర మీద పరుచుకుంది. చుక్కలు, చుక్కలు, అన్నీ బూడిద రంగు, అమ్ముడైపోయినవి. పైన నీలం పట్టీ మీద వేదిక అని రాసి ఉంది. ఆయన చూశాడు దాన్ని, చూడకపోవడమేం, కళ్ళు చూశాయి. మూలన గడియారం ఆరు యాభై ఎనిమిది, ఆరు యాభై ఏడు అని కిందికి పరిగెత్తుతోంది. ఇంకా అమ్ముడుపోని నీలం చుక్కలు ఏరుకుంటే గుప్పెడు లేవు. బాల్కనీ వెనకాల మూడు, విడివిడిగా. పన్నెండో వరసలో కుడి పక్క జంటగా రెండు. ఏడో వరసలో... ఏడో వరసలో ఎడమ పక్క జంటగా రెండు! ఆయన పైకే నవ్వాడు. పద్దెనిమిది వేల మందీ తోసుకుంటూ, తొక్కుకుంటూ పోయి ఈ రెంటినీ వదిలేశారు! తెలియదు మరి, ఎవరికి తెలుసు ఆ హాలు? ముందుకీ మధ్యకీ ఎగబడ్డారు, ఈ పక్క ఇంకా స్తంభం ఉందనుకుంటున్నారు వెర్రిమాలోకం. ఆరు పది. తల ఎత్తి గోడ మీద పటం చూశాడు, ఎందుకైనా మంచిదని. ఎర్రగీత ఎడమచేతి వైపే ఉంది. ఎడమచేతి వైపు స్తంభం లేదు. చుక్క మీద నొక్కాడు, పక్క చుక్క మీద నొక్కాడు, రెండూ ఆకుపచ్చబడ్డాయి. పన్నెండో వరస వంక జాలిగా చూశాడు. ఆ రెండూ కళ్ళ ముందే బూడిదరంగైపోయాయి, ఎవడో కొనేశాడు పాపం. కార్డు నంబరు ఒక్కో అంకె పైకి చదువుతూ కొట్టాడు. ఆకుపచ్చ గడి. నొక్కాడు. రెండు నిమిషాలు మిగిలి ఉంది ఇంకా! అమ్మడం వేరు, కొనడం వేరట. రావే చూద్దువుగాని.

టికెట్లు తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చాయి. బొంగురాయన బొమ్మ, తేదీ, ఏడో వరస, ఎడమ విభాగం, మూడు, నాలుగు. దాని కింద చీమ తలకాయలంత అక్షరాలు. కళ్ళజోడు సర్దుకుని తెరకు ముక్కు ఆనించాడు. ఈ సీట్ల నుంచి చూడటానికి స్తంభం అడ్డు రావచ్చు. ఒకసారి అమ్మిన టికెట్లు వెనక్కి తీసుకోబడవు. రెండో వాక్యం ఆయనకు కొత్తది కాదు, ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన నెత్తి మీద, కిటికీ పైన, నల్ల రంగుతో రాసి ఉన్నదే. మొదటి వాక్యం మళ్ళీ చదివాడు. ఎడమ విభాగం. ఎవరికి ఎడమ? లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు. బల్ల అంచు పట్టుకుని నడుం వంచి, మెడ మెలితిప్పి, తల కిందికి పెట్టి ఆ పటాన్ని చూశాడు, కంతకు అవతల నుంచి చూసినట్టు, కొనేవాడు చూసినట్టు. వేదిక పైకి పోయింది. ఎర్రగీత కుడి పక్కకు పోయింది. నల్ల చుక్క, నున్నగా, నల్లగా, ఎడమ పక్క, ఏడో వరస మూడో నాలుగో సీట్ల ముందు, కదలకుండా నిలబడి ఉంది. పద్దెనిమిది వేల మందికి తెలిసింది.

"ఏమైందండీ, మెడ పట్టేసిందా?" అంది భార్య గుమ్మంలోంచి.

ఆయన తల పైకెత్తాడు. రక్తం చెవుల్లో హోరుమంది. "దొరికాయి," అన్నాడు.

"ఎక్కడ?"

"ఏడో వరస."

ఆవిడ చేతులు చీర కొంగుకు తుడుచుకుని వచ్చి తెర ముందు వంగింది. కళ్ళు చికిలించి, వేలు అద్దానికి ఆనించి, పైనుంచి కిందికి ఒక్కో వరసే చదివింది, కూడబలుక్కుంటూ. బొంగురాయన బొమ్మ దగ్గర వేలు కొంచెం ఆగింది. తర్వాత కిందికి జారి, ఆ చీమ తలకాయల దగ్గర ఆగింది. అక్కడ పైకి చదవలేదు. మణికట్టు మీద మచ్చ అలాగే ఉంది, ముడతల్లో సగం దాక్కుంది. వేలు చాలాసేపు అక్కడే ఉంది. ఆయన తల ఎత్తలేదు. ఎత్తాలనుకున్నాడు. చెప్పాలనుకున్నాడు, ఇదిగో ఇలా జరిగింది, పటం తలకిందులు, నా చేతులు తలకిందులు అని. అది కాదు, ముందు అడగాలనుకున్నాడు. ఆ రోజు లోపల ఏం పాడాడే? మాట నాలుక మీదికి వచ్చింది.

"బాగున్నాయి," అంది ఆవిడ. మెట్ల దగ్గర అన్నట్టే అంది, ఆ గొంతే, ముప్పై ఏళ్ళలో ఒక్క పిసరు అరగలేదు. వేలు తీసేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అద్దం మీద పచ్చటి తడి మరక మిగిలింది.

ఫోను మోగింది. అల్లుడు. "మామయ్యా, ఏమైంది? దొరికాయా? మా ఆఫీసులో పదిమంది కూర్చుంటే ఒక్కడికీ దొరకలేదు!"

"నా దగ్గర లేకపోవడమేంటోయ్?" అన్నది ఆయన నోరు. ఆయన అనలేదు, నోరే అంది, దానికి అలవాటు. "ఏడో వరస! పక్కపక్కన రెండు! ఆయన ముక్కు మీద చెమట లెక్కపెట్టొచ్చు. అసలు మా కిటికీ దగ్గర పనిచేసినవాడినని తెలిసి ఆ మిషనే లేచి దండం పెట్టిందనుకో..."

వంటింట్లో కాయలు ఒలుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఆయన కూడా ఆగాడు. ఫోను చెవికి ఆనించుకుని, ఆ నిశ్శబ్దంలో ఒక్క మాట కోసం చూశాడు. ఆదివారం అన్నట్టు ఏదైనా అంటుందని, గరిటె తట్టి, ఉప్పు అడిగినట్టు, ఏదైనా, కసరినా సరే, తిట్టినా సరే. అవతల అల్లుడు, మామయ్యా, ఉన్నారా, అంటున్నాడు. గోడ అవతల ఏమీ లేదు.

టప్పు. గింజలు జలజలా గిన్నెలో పడ్డాయి. మళ్ళీ టప్పు.